యుద్ధం నడిపినవారి లెక్క

(రావి నారాయణరెడ్డి స్మారకోపన్యాసం)



రావి నారాయణరెడ్డి గారి పేరు మీద మాట్లాడమంటే నల్లగొండలో ఎవరికైనా కొంచెం జంకు ఉంటుంది. ఆయన్ని చూసినవాళ్ళు, ఆయనతో జైల్లో ఉన్నవాళ్ళ పిల్లలు ఈ సభలోనే ఉంటారు. 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వామి ఇంట పుట్టారు. చేతికొచ్చిన భూమిని పేదలకు పంచారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభకు అధ్యక్షులయ్యారు. అప్పటిదాకా వకీళ్ళూ పంతుళ్ళూ అర్జీలు రాసుకునే సభ, ఆయన చేతిలో పడ్డాక చల్దిమూట కట్టుకొని వచ్చే రైతుల సంఘమైంది. 1952 ఎన్నికల్లో నల్లగొండ ఆయనకు మూడు లక్షలకు పైగా ఓట్లు వేసి, నెహ్రూ గారికి పడినవాటికంటే ఎక్కువ ఓట్లతో, ఢిల్లీకి పంపింది. ఇదంతా మీకు తెలుసు.

తక్కువగా చెప్పుకునే సంగతి ఇంకొకటి ఉంది. సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకరైన ఆ మనిషి, ఆ పోరాటాన్ని తన కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం ఎలా నడిపిందో తర్వాత నిలదీశారు. ఎదుటివాణ్ణి లెక్క అడగడం అందరూ చేసే పనే. సొంత దండును లెక్క అడిగినవాళ్ళు మన చరిత్రలో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అందుకే ఈ రోజు ఈ విషయం ఎంచుకున్నాను: యుద్ధకాలంలో సైన్యాన్ని తప్పుగా నడిపిన పాలకుడు ఎవరికి, దేనికి, ఎలా జవాబు చెప్పాలి? ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మన రోడ్డు మీదే జరిగింది.

1

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున యూనియన్ మిలిటరీ హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. పెద్ద దండు షోలాపూర్ నుంచి నల్‌దుర్గ్ మీదుగా కదిలింది. రెండోది మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర నాయకత్వంలో బెజవాడ నుంచి, ఇవాళ మనం అరవయ్యైదో నంబరు జాతీయ రహదారి అని పిలుస్తున్న ఈ దారినే పట్టింది. తుంగభద్ర దగ్గర రైలు వంతెనను గూర్ఖా దళం చేజిక్కించుకుంది. తూర్పున పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. (మునగాల పరగణా అప్పటికి కృష్ణా జిల్లా కిందిది, నిజాం ముల్కు మధ్యలో ఉన్న ఒకప్పటి ఇంగ్లీషు భూమి. నల్లగొండలో కలిసింది చాలా తర్వాత.)

సూర్యాపేట దగ్గర జరిగింది కాస్త నిదానంగా చూడాలి. నిజాం సైన్యం వెనక్కి తగ్గుతూ మూసీ మీది వంతెనను పేల్చేసింది. యుద్ధంలో అది మామూలే. కానీ వంతెన పేల్చినవాడు ఇవతలి గట్టున తుపాకులతో కూర్చోవాలి, బాగుచేయడానికి వచ్చేవాణ్ణి ఆపాలి. ఇక్కడ ఎవరూ కూర్చోలేదు. యూనియన్ ఇంజనీర్లు తీరిగ్గా దారి వేసుకున్నారు. నార్కట్‌పల్లి దగ్గర మజ్లిస్ పార్టీ దండైన రజాకార్ల దళమొకటి తుడిచిపెట్టుకుపోయింది. 17వ తేదీకి చిట్యాల. అదే రోజు ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ రాజీనామా చేశారు, సాయంత్రానికి నిజాం యుద్ధం ఆపమన్నారు. మర్నాడు సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ నగర శివార్లలో మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయారు. ఈ చౌధురి పేరు గుర్తుంచుకోండి, పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ వస్తారు.

ఐదు రోజుల్లో ముగిసిన ఆ యుద్ధంలో వందలమంది చచ్చిపోయారు. నిజాం ఓడిపోవడం మన జిల్లాలకు విముక్తి. ఈ మాట ముందే స్పష్టంగా చెబుతున్నాను, లేకపోతే నేను నిజాం తరఫున విచారిస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. అయితే ఒక ప్రశ్న అడక్క తప్పదు. గెలవలేనని తెలిసిన యుద్ధంలోకి జనాన్ని, జవాన్లను తోసిన పాలకుడు ఆ జనానికి ఏమైనా బాకీ ఉన్నాడా?

2

కొందరు మిత్రులు నన్ను ముందే అడిగారు: "నిజాం సైన్యాన్ని బాగా నడిపి ఉంటే మనకేం మేలు? చెడ్డగా నడపడమే మంచిదైంది గదా?"

ప్రశ్న న్యాయమైనదే. జవాబు బైరాన్‌పల్లిలో ఉంది.

1948 ఆగస్టు 27. ఆనాటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు, పోలీసులు, సైనికులు కలిసి పడ్డారు. ఊరు అప్పటికే బురుజు మీద కాపలా పెట్టుకొని, నాటు తుపాకులతో, వడిసెలలతో రజాకార్లను తిప్పికొట్టింది. ఈసారి ఫిరంగులతో వచ్చారు. బురుజును కొట్టి, దొరికినవాళ్ళను వరసగా నిలబెట్టి చంపారు. ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. యూనియన్ మిలిటరీ సరిహద్దు దాటడానికి అది సరిగ్గా పదిహేడు రోజుల ముందు. నాలుగు దిక్కులా దండు మోహరించిందని తెలిసిన సర్కారు తన ఫిరంగులను ఎటు తిప్పింది? సొంత రైతుల బురుజు వైపు. మూసీ గట్టున కాపలాకు మనిషి లేని సైన్యానికి బైరాన్‌పల్లికి పంపడానికి మనుషులు దొరికారు.

అంటే సైన్యాన్ని తప్పుగా నడపడం, జనాన్ని హింసించడం రెండు వేరు వేరు నేరాలు కావు. ఆ పాలనలో అవి ఒకే చేతి పని. సైన్యం దేనికి ఉంది, ఎవరి ఆజ్ఞతో కదలాలి అనే ప్రశ్నకు పాలకుడి దగ్గర జవాబు లేనప్పుడు, అది బలమున్న చోట కాకుండా బలహీనులున్న చోటికి పోతుంది.

లెక్కలు చూద్దాం. హైదరాబాద్‌కు ఉన్న మొత్తం సైన్యం ఇరవై రెండు వేలు. అందులో తర్ఫీదు పొంది, ఆధునిక ఆయుధాలున్నది చిన్న భాగమే. యుద్ధ విమానం ఒక్కటీ లేదు. ఎదురుగా ట్యాంకులు, టెంపెస్ట్ విమానాలు ఉన్న దేశం. సంస్థానానికి సముద్రం లేదు, స్నేహితుల సరిహద్దు లేదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు రాత్రిళ్ళు కరాచీ నుంచి బీదర్‌కు, వరంగల్‌కు దొంగచాటుగా ఆయుధాలు తెచ్చాడు. ఆ పద్ధతిలో ఎంత మోసినా ఒక దేశపు సైన్యాన్ని నిలబెట్టలేం. ఇవన్నీ నిజాంకు తెలుసు, లాయక్ అలీకి తెలుసు, ఎద్రూస్‌కు తెలుసు.

జనానికి చెప్పిందేమిటి? మజ్లిస్ నాయకుడు, లాతూరు వకీలు కాసిం రజ్వీ ఢిల్లీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తానని సభల్లో ఉపన్యాసాలిచ్చాడు. సర్కారు అతని నోరు మూయించలేదు. ఆ మాటలు నమ్మి ఖాకీ బట్టలు తొడుక్కున్నవాళ్ళెవరు? చాలామంది ఊళ్ళలోని పేద ముస్లింలు, చేతివృత్తులవాళ్ళు, చిన్న నౌకర్లు, మతం మారిన దళితులు కొందరు. గడీలో దొర పక్కన నిలబడి దోచినవాళ్ళు వీరిలో ఉన్నారు, గొంతులు కోసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు క్షమ అడగడం లేదు. కానీ భర్మార్ తుపాకి, బరిసె ఇచ్చి నార్కట్‌పల్లి రోడ్డు మీద ట్యాంకులకు ఎదురు నిలబెట్టినప్పుడు, వాళ్ళను అక్కడ నిలబెట్టిందెవరు? సైన్యాధిపతి ఆజ్ఞ వాళ్ళ మీద లేదు. వాళ్ళ మీద ఆజ్ఞ ఉన్నవాడికి యుద్ధం తెలియదు. ఒకే ముల్కులో రెండు దండులు, రెండింటికీ పైన ఉన్నది ఒక్కడే, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. నా అభియోగంలో మొదటి మాట ఇదే.

రెండో మాట అబద్ధం. ఓడిపోయినందుకు ఏ పాలకుణ్ణీ నేరస్థుడనలేం, యుద్ధంలో ఒకడు ఓడిపోవాల్సిందే. ఓటమి తప్పదని గదిలో చెప్పుకొని, బయట గెలుపు చాటింపు వేయించడం వేరు. ఆ రెండు మాటల మధ్య దూరంలోనే జనం చచ్చిపోతారు. పాలకుడి లెక్క అక్కడ కొలవాలి.

3

యుద్ధం ముగిసిన ఐదో రోజు, సెప్టెంబర్ 23న, నిజాం రేడియోలో మాట్లాడారు. 1947 నవంబర్‌లో చిన్న ముఠా ఒకటి తన ప్రధాని ఛత్తారీ నవాబు ఇంటిని, సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఇంటిని చుట్టుముట్టిందని, లాయక్ అలీ మంత్రివర్గాన్ని తన మీద రుద్దిందని, హిట్లర్ పద్ధతుల్లో రాజ్యాన్ని వశం చేసుకొని తనను నిస్సహాయుణ్ణి చేసిందని చెప్పుకున్నారు. ఆ ఇళ్ళు చుట్టుముట్టిన మాట నిజం, 1947 అక్టోబర్ చివర్లో జరిగింది. కానీ అప్పటినుంచి సెప్టెంబర్ దాకా దాదాపు పదకొండు నెలలు. ఆ పదకొండు నెలల్లో ఫర్మానాలు ఎవరి పేరు మీద వెలువడ్డాయి? ఐక్యరాజ్యసమితికి రాయబారులు ఎవరి పేరు మీద వెళ్ళారు?

లాయక్ అలీ తర్వాత కరాచీలో పుస్తకం రాశారు. అందులో తప్పు సైన్యాధిపతి నాయకత్వానిది, ఆయన చెప్పిన భరోసాలు నిలవలేదు అని. ఎద్రూస్ కూడా జ్ఞాపకాలు రాసుకున్నారు, ఆయన పోయిన చాలా ఏళ్ళకు అచ్చయ్యాయి. అందులో తప్పు రాజకీయ నాయకులది, సైన్యానికి ఉన్న బలమెంతో వాళ్ళకు తెలిసే ఇలా చేశారు అని. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని చదివితే, నలుగురు పాలివాళ్ళ ఉమ్మడి బోరు మోటారు కాలిపోయినప్పటి పంచాయితీ గుర్తుకొస్తుంది. స్విచ్ వేసింది ఎవరో తేలదు, చేను మాత్రం ఎండిపోతుంది.

మరి కోర్టులో ఏమైంది? కాసిం రజ్వీ మీద రెండు పెద్ద కేసులు నడిచాయి. ఒకటి 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య. సంస్థానం భారత యూనియన్‌లో కలవాలని రాసినందుకు ఆగస్టు 1948లో ఆయన్ని నడివీధిలో చంపారు. ఆ కేసులో హైకోర్టు రజ్వీని విడిచిపెట్టింది. రెండోది మన జిల్లాది, బీబీనగర్ దోపిడీ కేసు. 1948 జనవరి 10న రైలు దిగిన రజాకార్లు బీబీనగర్ ఊరి మీద పడి ఇళ్ళు దోచారు. అందులో ఏడేళ్ళ శిక్ష పడింది, 1953లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పుతో దాన్ని నిలబెట్టింది. రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ పోయాడు.

ఒక్క క్షణం ఆగుదాం. ఒక రాజ్యాన్ని యుద్ధంలోకి ఈడ్చినవాడు చివరికి ఒక ఊరి దోపిడీ కేసులో జైలుకు పోయాడు. బీబీనగర్ బాధితులకు అది న్యాయమే, అది కూడా జరక్కపోతే ఇంకా అన్యాయం. కానీ యుద్ధం మీద విచారణ జరగలేదు. లాయక్ అలీ గృహనిర్బంధం నుంచి 1950 మార్చిలో తప్పించుకుపోయారు. ఎద్రూస్ కొంతకాలం నిర్బంధంలో ఉండి బెంగుళూరులో స్థిరపడ్డారు. నిజాం?

నిజాంకు ఏటా యాభై లక్షల రాజభరణం ఖాయమైంది. 1950 జనవరి 26 నుంచి హైదరాబాద్ రాజప్రముఖ్ అయ్యారు, 1956 అక్టోబర్ 31 దాకా ఉన్నారు. మన ఊళ్ళ వాళ్ళు కొత్త రాజ్యాంగం కింద ఓటేసిన మొదటి శాసనసభకు గవర్నరు వంటి పదవిలో కూర్చున్నది ఆయనే. ఎందుకని? ఢిల్లీకి ఆయన అవసరముంది. ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని సంతకం పెట్టాల్సింది ఆయన, ముస్లిం ప్రజలను నిమ్మళపరచాల్సింది ఆయన. సర్దార్ పటేల్ లెక్కలో అది తెలివైన పని, నేను కాదనను. రాజనీతిగా సరిపోయినది న్యాయంగా కూడా సరిపోయిందని అనుకోవడమే మన పొరపాటు.

డబ్బు సంగతి కూడా ఉంది. లొంగిపోయిన రెండు రోజులకు, సెప్టెంబర్ 20న, లండన్ బ్యాంకులో హైదరాబాద్ ఖాతా నుంచి పది లక్షల ఏడు వేల తొమ్మిది వందల నలభై పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతుల్లా పేరు మీదికి మారాయి. ఆయుధాల బాకీ అని ఒకరు, దాచుకోవడానికి ఇచ్చింది అని ఒకరు. 1957లో కేసు బ్రిటిష్ లార్డ్స్ సభ దాకా పోయి ఆగిపోయింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు పాకిస్తాన్‌కు హక్కు లేదని తేల్చింది. వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లు భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు. డెబ్బై ఒక్క ఏళ్ళు నడిచిన ఆ వ్యవహారంలో ఏ కాగితం ఎవరు ఎప్పుడు సంతకం పెట్టారో న్యాయమూర్తి గంటగంటకూ విప్పి చూశారు. పైసల కోసం అంత శ్రద్ధగా కాగితాలు తిరగేశారు. నార్కట్‌పల్లి రోడ్డు మీద చచ్చినవాళ్ళ కోసం ఎవరూ ఒక ఫైలు తెరవలేదు.

పాలమూరు మిత్రుల కోసం ఒక చిన్న ముచ్చట. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. వనపర్తి రాజా పోషించిన ఆఫ్రికా అశ్వికదళం నిజాంకు కానుకగా పోయి అక్కడ స్థిరపడింది. 1948 తర్వాత నిజాం సైన్యంతోపాటు వాళ్ళ నౌకరీ కూడా పోయింది. వాళ్ళేం నిర్ణయించారు పాపం? పాలకుడికి రాజభరణం, జవానుకు బర్తరఫు.

4

ఇప్పుడు గెలిచినవారి వైపు రావాలి. ఇది ఇంతకంటే కష్టం, ఎందుకంటే అది మన వైపు.

సర్కారు పోలీసు చర్య అని పిలిచిన ఈ యుద్ధ సమయంలో, ఆ తర్వాత వారాల్లో ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద పెద్దయెత్తున హత్యాకాండ జరిగింది. నెహ్రూ, విచారణకు పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను పంపారు. నవంబర్ చివర్నుంచి డిసెంబర్ దాకా తిరిగి వాళ్ళు నివేదిక ఇచ్చారు. చనిపోయినవారు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మధ్య ఉంటారని వాళ్ళ అంచనా. కొన్ని చోట్ల జవాన్లు, పోలీసులు కూడా పాల్గొన్నారని రాశారు, బాగా నడుచుకున్న అధికారులను మెచ్చుకుంటూ కూడా రాశారు. ఆ నివేదిక అచ్చు కాలేదు. 2013 దాకా ఢిల్లీలో చదువుకోవడానికి దొరకలేదు.

మన జిల్లాల్లో ఆ స్థాయిలో జరగలేదు. కారణాలున్నాయి. ఇక్కడ సంఘం హిందూ ముస్లిం అని కాక దొర, కూలీ అని గీత గీసింది. పిలుపునిచ్చిన ముగ్గురిలో మఖ్దూం మొహియుద్దీన్ ఉండడం ఊరికే జరిగింది కాదు. మిగిలినది అప్పుడప్పుడూ మనం గర్వంగా చెప్పుకునే చరిత్ర. ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగను. నివేదిక తెప్పించుకున్నవాడు దాన్ని బయటపెట్టకపోతే, తెప్పించుకోనివాడికంటే పెద్ద బాకీదారు అవుతాడని మాత్రం అంటాను.

5

ఇక మూడో దండు, సంఘం దండు. ఇక్కడే రావి నారాయణరెడ్డి గారి దగ్గరకు మళ్ళీ వస్తాను.

1947 సెప్టెంబర్ 11న నారాయణరెడ్డి గారు, బద్దం ఎల్లారెడ్డి గారు, మఖ్దూం కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. ఏడాది తిరిగేసరికి మూడు వేల ఊళ్ళలో దొరలు పారిపోయారు, భూమి పంచారు, వెట్టి పోయింది. ఆ ఏడాది గురించి ఎంత చెప్పినా తక్కువే. 1948 సెప్టెంబర్ 18 తర్వాత పరిస్థితి మారింది. ఎదురుగా ఉన్నది ఇప్పుడు రజాకారు కాదు. దేశమంతా ఉన్న సైన్యం, దాన్ని పంపింది ఊళ్ళలో దండలు వేయించుకుంటున్న నెహ్రూ ప్రభుత్వం. తుపాకులు దించాలా, దించకూడదా?

పార్టీ దించవద్దంది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కలకత్తా మహాసభ బి.టి. రణదివే నాయకత్వంలో దేశమంతా విప్లవం వచ్చేసిందనే లైను తీసుకుంది. నల్లగొండ దళాలు నల్లమలకు, అమ్రాబాద్ అడవులకు, గోదావరి తీరానికి తప్పుకున్నాయి. మైదానంలో సైన్యం ఊళ్ళకు ఊళ్ళను క్యాంపుల్లో పెట్టింది. చెంచుల గూడేలను కదిలించింది. నాలుగు వేలమంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు, పదివేలమంది ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉన్నారు. 1951లో నలుగురు నాయకులు మాస్కో పోయి స్టాలిన్‌ను కలిసి వచ్చారు. అక్టోబర్ 21న పోరాటం విరమించారు.

నారాయణరెడ్డి గారి వాదన సూటిగా ఉండేది: నిజాం సర్కారు పోయిన రోజే యుద్ధం స్వభావం మారింది, ఆ రోజే ఆపాల్సింది, ఆపకపోవడం వల్ల గెలుచుకున్న భూమిలో చాలా భాగం, మంచి కార్యకర్తలు చాలామంది పోయారు. సుందరయ్య గారి వాదన ఎదురుగా ఉంది: ఆపి ఉంటే భూములు మర్నాడే దొరలకు పోయేవి, మూడేళ్ళ ప్రతిఘటన వల్లే కౌలుదారీ చట్టం వంటివి వచ్చాయి, ఆపాల్సిందనడం రాజీపడ్డవాళ్ళు చెప్పే మాట. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరిలో నాకు నారాయణరెడ్డి గారి మాటే సబబనిపిస్తుంది. 1948 అక్టోబర్‌లో నల్లగొండ దళాలకు రేడియో లేదు, వెనక దన్నుగా దేశం లేదు, పక్క రాష్ట్రంలో అండ లేదు. ఇవన్నీ పార్టీ కేంద్రానికి తెలుసు. దళ సభ్యుడికి చెప్పింది మాత్రం దేశమంతా లేచింది, ఇంకో పోటు చాలు అని.

గుర్తుపట్టారా? లాయక్ అలీ గదిలో జరిగింది, బయట జరిగింది ఏదైతే ఉందో, అదే ఆకారం. ఆశయం ఆకాశానికీ పాతాళానికీ ఉన్నంత తేడా. ఒకరు గడీల కోసం, ఒకరు గడీలు కూల్చడం కోసం. అయినా పై నాయకుడికి తెలిసిన లెక్క ఒకటి, కింది మనిషికి చెప్పిన లెక్క ఇంకొకటి. ఆశయం గొప్పదైతే ఈ తేడాకు మాఫీ దొరుకుతుందని నేను ఒప్పుకోను, నారాయణరెడ్డి గారూ ఒప్పుకోలేదు. అందుకు పార్టీలో ఆయన పడ్డ మాటలు తక్కువేం కాదు. కానీ ఒక మేలు జరిగింది. ఆయన రాశారు, సుందరయ్య గారు రాశారు, దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు రాశారు, ఒకరి మీద ఒకరు రాశారు. మూడు దండుల్లో తన తప్పొప్పులను బహిరంగంగా, తేదీలతో సహా తవ్వుకున్నది ఈ ఒక్క దండే. నిజాం దర్బారూ చేయలేదు, ఢిల్లీ సర్కారూ చేయలేదు.

6

చౌధురి పేరు గుర్తుంచుకోమన్నాను.

1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది, నెల తిరక్కముందే ఈశాన్యాన నేఫా సరిహద్దులో మన సైన్యం చెదిరిపోయింది. కొండల మీద చలిబట్టలు లేని జవాన్లు, తూటాలు తక్కువ, ఢిల్లీ నుంచి వచ్చిన ఆజ్ఞలు. రక్షణ మంత్రి కృష్ణమీనన్ నవంబర్ 7న పదవి వదిలారు, సైన్యాధిపతి థాపర్ తప్పుకున్నారు. ఆయన స్థానంలో వచ్చింది హైదరాబాద్ చౌధురే. ఎద్రూస్ లొంగుబాటు తీసుకున్న ఆయనే ఈసారి మన ఓటమి మీద విచారణ వేశారు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ ప్రేమీంద్ర సింగ్ భగత్. విచారణకు గీసిన గిరి ఏమిటంటే సైన్యం ఎలా పోరాడింది అన్నంతవరకే. మంత్రులు, ప్రధాని ఏం ఆదేశించారన్నది ఆ గిరికి బయట. 1963 సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి చవాన్ పార్లమెంటుకు దాని సారాంశం చెప్పారు. అసలు నివేదిక ఇవాళ్టికీ ప్రభుత్వం అచ్చు వేయలేదు. 2010లో కూడా రక్షణ మంత్రి పార్లమెంటులో అది ఇప్పటికీ సున్నితమైనదనే అన్నారు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత!

ఆ రోజుల్లో లోక్‌సభలో నల్లగొండ సభ్యుడు మళ్ళీ నారాయణరెడ్డి గారే. నెహ్రూ హయాంలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం 1963 ఆగస్టులో కృపలానీ పెట్టారు. 347కి 62 ఓట్లతో వీగిపోయింది. వీగిపోయింది కాబట్టి వృథా అని నేననను. దేశపు ప్రధాని సభలో నిలబడి రోజుల తరబడి జవాబు చెప్పాల్సి వచ్చింది. ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఆ అవస్థ ఒక్క పూట కూడా పట్టలేదు.

బయటి దేశాల నుంచి రెండే ముక్కలు. 1973 యుద్ధం తర్వాత ఇజ్రాయెల్‌లో అగ్రానాట్ కమిషన్ తొలి నివేదిక 1974 ఏప్రిల్ 1న వచ్చింది. అది తప్పంతా సైన్యాధికారుల మీద వేసి ప్రధాని గోల్డా మెయిర్‌ను వదిలేసింది. కానీ కాగితం జనం చేతికి వచ్చింది. చదివారు, రోడ్డెక్కారు, ఆ నెలలోనే ఆమె రాజీనామా ప్రకటించారు. పాకిస్తాన్‌లో 1971 ఓటమి మీద హమూదుర్ రహ్మాన్ కమిషన్ ఎంతో ఘాటుగా రాసింది. 2000 దాకా బీరువాలో ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. కమిషన్ ఎంత ధైర్యంగా రాసిందన్నదానికంటే, రాసింది ఎవరి చేతికి వచ్చిందన్నదే ఫలితం తేల్చింది.

7

చివరిగా దగ్గరి విషయం. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఇరవైమంది మన జవాన్లు చనిపోయారు. వాళ్ళకు నాయకత్వం వహించింది 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కల్నల్ సంతోష్‌బాబు, సూర్యాపేట బిడ్డ. మహావీర చక్ర ఇచ్చారు, పట్టణంలో విగ్రహం పెట్టారు. విగ్రహం పెట్టడం మన బాధ్యత, పెట్టాం. ఆ రాత్రికి దారితీసిన వారాల్లో ఢిల్లీలో ఎవరికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు అన్నది కూడా సూర్యాపేట వాళ్ళు అడగొచ్చు. అలా అడిగితే దేశద్రోహమన్నట్టు చూసేవాళ్ళున్నారు. కార్గిల్ తర్వాత కె. సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, 2000లో నివేదిక పార్లమెంటు ముందు పెట్టారు, కొన్ని పేజీలు చెరిపేసి అయినా సరే. అప్పుడు సైన్యం బలహీనపడలేదు. అడగడం వల్ల సరిహద్దు కూలిన దాఖలా నాకు ఎక్కడా కనిపించలేదు.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం కాగితాలు ఉర్దూలో, ఫారసీలో మూటలు మూటలుగా ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే పిల్లల్లో ఉర్దూ చదవగలిగినవాళ్ళు ఏటా తగ్గుతున్నారు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో, పాలమూరు విశ్వవిద్యాలయంలో ఏడాదికి ఇద్దరేసి పిల్లలకు ఉర్దూ నేర్పి అక్కడికి పంపండి. 1948 ఆగస్టు, సెప్టెంబర్ నెలల ఫైళ్ళు చదవమనండి: బైరాన్‌పల్లికి ఫిరంగి పంపమన్న ఆజ్ఞ మీద ఎవరి సంతకముంది, మూసీ గట్టున కాపలా పెట్టమని ఎవరైనా ఎవరికైనా రాశారా, పదమూడో తేదీకి ముందు ఎద్రూస్ రాజుకు పంపిన కాగితాల్లో ఏముంది. దొరికినవి దొరికినట్టు అచ్చు వేయండి. అచ్చు ఖర్చుకు నా ఈ ఉపన్యాస గౌరవ వేతనం నిర్వాహకుల దగ్గరే ఉంచుతున్నాను, మిగతాది మీరు పోగు చేయండి.

ప్రశ్నలుంటే అడగండి, ఎదురు వాదన ఉంటే మరీ మంచిది.